పడకా, ఫలహారమూ

మాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో మేమిద్దరం ప్రయాణాలు చెయ్యలేదని కాదు. పిల్లల పుట్టువెంట్రుకలకు తిరుపతి వెళ్ళాము. మా నాన్నగారి అస్థికలతో కాశీ వెళ్ళాము. పెళ్ళిళ్ళకూ, పురుళ్ళకూ, పరామర్శలకూ వెళ్ళిన ఊళ్ళకు లెక్కే లేదు. కాని వెంట ఒక పెద్దవారో, ఒక పసివాడో, కనీసం ఒక ఆవకాయ జాడీయో లేకుండా, ఏ పనీ నెత్తిన పెట్టుకోకుండా, మేమిద్దరమే ఒక కొత్తచోటికి వెళ్ళి రెండు రాత్రులు పడుకుని లేచిన పాపాన పోలేదు. ఆ లోటు మొన్న మాఘమాసంలో తీరింది. తీర్చిన ఊరు తరంగంబాడి.

నిజానికి మేము బయలుదేరింది తరంగంబాడికి కాదు, మా అన్నయ్య షష్టిపూర్తికి. తమిళనాట కావేరి డెల్టాలో తిరుక్కడయూరు అనే క్షేత్రం ఉన్నది. మార్కండేయుని కోసం శివుడు యముణ్ణి కాలదన్నిన చోటు అదేనని స్థలపురాణం. స్వామి అమృతఘటేశ్వరుడు, అమ్మవారు అభిరామి. మృత్యువు ఓడిపోయిన చోటు కనుక అరవై నిండిన దంపతులూ, డెబ్బై నిండినవారూ, ఎనభై నిండినవారూ అక్కడికి వచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకుంటారు. మేము వెళ్ళిననాడు ప్రాకారంలో ఎటు చూసినా పెళ్ళిపీటలే. ఒక తాతగారు వణికే చేతులతో తాళి ముడి వేయలేక అవస్థపడుతుంటే, మనవరాలు వెనక నుంచి సాయం చేసింది. బామ్మగారు సిగ్గుపడ్డది. ఎనభయ్యేళ్ళకు కూడా సిగ్గు మిగిలి ఉంటుందని నాకు ఆనాడే తెలిసింది.

మా అన్నయ్య పెళ్ళి వైభవంగా జరిగింది. భోజనాలయ్యాక విడిదిలో చాపల మీద నడుము వాల్చి తాంబూలాలు వేసుకుంటున్నప్పుడు అన్నయ్య అసలు సంగతి ఎత్తాడు.

"ఊళ్ళో ఇంటికి బేరం వచ్చిందిరా. స్థలానికి ఒకరు, కలపకు ఒకరు. నెలాఖరుకు నలుగురం సంతకాలు పెడితే సరి."

ఇల్లంటే నరసాపురం దగ్గర మా ఊళ్ళో మా తాతగారు కట్టించిన మండువా లోగిలి. మా అమ్మ పోయిన తరువాత ఆరేళ్ళుగా దానికి తాళం. స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు అన్నీ బర్మా టేకు. కలప కొనే ఆయన వాటిని ఒక్కొక్కటిగా ఊడదీసుకుని పోయి, ఎక్కడో పెద్ద హోటలుకు పాతకాలపు సొగసు కోసం అమరుస్తాడట. తమ్ముడు సరేనన్నాడు. చెల్లెలు సరేనన్నది. నేను మాత్రం వారసత్వం, సంస్కృతి, పూర్వుల గాలి అంటూ అరగంట ఉపన్యసించాను. నాకు వృత్తిరీత్యా అబ్బిన జబ్బు అది. అన్నయ్య ఓపికగా విని, "అంతా బాగానే ఉంది, నువ్వు వచ్చి ఉంటావా?" అన్నాడు. నేను తమలపాకు ఈనె తీస్తూ కూర్చున్నాను. పక్కనే ఉన్న మా ఆవిడ ఏమీ అనలేదు. వక్కలు సర్దుతున్నది.

ఆ సాయంకాలం బంధువులంతా రైలెక్కారు. మేమిద్దరం మాత్రం మిగిలాము. తిరుక్కడయూరుకు తరంగంబాడి పది కిలోమీటర్ల లోపే. "ఎలాగూ అంతదూరం వెళ్ళారు, పక్కనే సముద్రం ఉంది, రెండు రోజులు ఉండి రండి" అని హాస్టలులో ఉన్న మా అమ్మాయి ఫోనులోనే ఒక పాతకాలపు ఇంట్లో మాకు గది ఖాయం చేసింది. "అద్దెలోనే పడకా, పొద్దున్న ఫలహారమూ కలిసి ఉన్నాయి నాన్నా" అన్నది.

పడకా, ఫలహారమూ! ఈ మాట నన్ను దారి పొడుగునా పట్టుకుంది. మనకు వెనక సత్రాలు ఉండేవి. అక్కడ పడకా, భోజనమూ రెండూ ధర్మం. పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. అక్కడ డబ్బిచ్చి తినడమే. ఒకరి ఇంట్లో అతిథిలా పడుకుని, పొద్దున్న వారు పెట్టింది తిని, వెళ్ళేటప్పుడు రొక్కం చెల్లించడం ఈ రెంటికీ మధ్య పద్ధతి. ఈ ముక్కే మా ఆవిడతో అన్నాను. "ఫలహారం ఎవరు చేస్తారు?" అన్నది ఆమె. అదేం ప్రశ్నో అప్పుడు నాకు బోధపడలేదు.

ఊళ్ళోకి పోతూంటే ముందు ఒక తెల్లని ద్వారం ఎదురవుతుంది. డేనులు 1792లో కట్టిన నగరద్వారం అది. ఒకప్పుడు ఊరిచుట్టూ గోడ ఉండేది. గోడ పోయింది, ద్వారం నిలిచింది. దాని కిందుగా మా ఆటో దూరి తిన్నగా రాజవీధిలోకి వచ్చింది. ఇరుపక్కలా పెద్ద పెద్ద తెల్లటి మేడలు, లావాటి స్తంభాల వసారాలు, మధ్యలో నాలుగు మేకలు, వీధి చివర సముద్రం. ఇదంతా 1620 మొదలు 1845 వరకు, మధ్యలో కొన్నేళ్ళు ఆంగ్లేయుల చేతిలో ఉండటం తప్పిస్తే, డెన్మార్కు వారి రాజ్యం. డేనులు మన దేశంలో కోట కట్టి రెండు వందల ఏళ్ళకు పైగా కాపురం చేశారన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యంతో సరిపోతుంది. ఇక్కడ అది ఒక వీధి పొడుగునా ఉన్నది.

మా బస సముద్రానికి దగ్గరలోని ఒక పాత మేడ. గుమ్మం ముందే కావలి పెద్దాయన మా సంచీ అందుకున్నాడు. గది చూసి మా ఆవిడ ఒక నిమిషం మాటాడలేదు. మూరకు పైగా మందం గోడలు. పైన చూస్తే టేకు దూలాలు, వాటిమీద సన్న ఇటుకలను అంచుల మీద నిలబెట్టి సున్నంతో బిగించిన కప్పు. నాలుగు కోళ్ళ మంచం, దోమతెర, నిలువెత్తు కిటికీ రెక్కలు. కిటికీ తెరవగానే ఉప్పుగాలి ఇంట్లోకి చొరబడింది.

గోడ మీద చెయ్యి వేసి చూశాను. గాజులా నున్నగా, చల్లగా ఉన్నది. కావలి పెద్దాయన మురిసిపోయాడు. ఆయన వెనక తాపీ మేస్త్రీల దగ్గర పనిచేసిన మనిషట. నాకు వచ్చిన అరవం, ఆయనకు వచ్చిన ఇంగ్లీషు కలిసి ఎలాగో ఒడ్డెక్కాయి. "ఈ ఇంటికి సిమెంటు పనికిరాదయ్యా" అన్నాడు. సముద్రపు చెమ్మ, ఉప్పు గోడలోకి దిగుతూనే ఉంటాయి. సున్నం గోడ ఆ చెమ్మను పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని ఇటుకను తినేస్తుంది. అందుకని పాత పద్ధతిలోనే సున్నం నానబెట్టి, ఇసుకతో నూరి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి మరమ్మతు చేశారట. మా తాతగారి ఇల్లూ గానుగ సున్నంతో కట్టినదే. కాని గత ఇరవై ఏళ్ళలో ఎక్కడ పెచ్చు ఊడితే అక్కడ మేము సిమెంటే మెత్తాము. ఆ మాట ఆయనతో చెప్పలేదు.

సాయంకాలం కోట చూడబోయాము. డాన్స్‌బోర్గు అని దాని పేరు. ఇసుక రంగు కోట, ముందు ఇసుక మైదానం, వెనుక సముద్రం. కోటలో ఇప్పుడు చిన్న ప్రదర్శనశాల ఉన్నది. ఇక్కడ నాకు ఉపన్యాసం ఇవ్వక తప్పని ఘట్టం వచ్చింది. ఎందుకంటే డేనులకు ఈ చోటు ఇచ్చినవాడు మన రఘునాథ నాయకుడు.

తంజావూరు ఏలిన నాయకరాజులు తెలుగువారని, రఘునాథుడు స్వయంగా కవి అని, 'వాల్మీకి చరిత్ర', 'శృంగార సావిత్రి' రచించాడని తెలుగు చదువుకున్న వారికి తెలుసు. ఆయన కొలువులోనే చేమకూర వేంకటకవి 'విజయవిలాసం' రచించి ఆయనకే అంకితమిచ్చాడు. అటువంటి రాజు దగ్గరకు 1620లో ఓవ్ గెద్దె అనే డేనుల నౌకాధిపతి వచ్చాడు. వయసు ఇరవై ఆరేళ్ళు మించలేదు. వచ్చింది మిరియాల వర్తకం కోసం. రఘునాథుడు ఈ చేపల రేవును వారికిచ్చి, కోట కట్టుకోవడానికి సెలవిచ్చాడు. ఏటా కొంత సొమ్ము రాజుకు చెల్లించాలని ఒప్పందం. డెన్మార్కు రాజు నాలుగవ క్రిస్టియనుకు ఆయన బంగారు రేకు మీద తమిళంలో రాయించి పంపిన లేఖ నేటికీ కోపెన్‌హేగనులో భద్రంగా ఉన్నది.

ఇదంతా నేను బురుజు మీద నిలబడి చెప్తుంటే మా ఆవిడ చెంగు ఎగిరిపోకుండా పట్టుకుని వింటున్నది. "విజయవిలాసం అంటే అర్జునుడు తీర్థయాత్రకు వెళ్ళిన కథేగా?" అన్నది.

"అదే. ఉలూచి, చిత్రాంగద, సుభద్ర..."

"ఒక్క యాత్రలో మూడు పెళ్ళిళ్ళు. మీ వెంట నేను రావడమే మంచిదయింది."

కోట మెట్లు దిగుతూ నవ్వుకున్నాము. ఇంట్లో అయితే ఈ మాటకు నవ్వే తీరుబడి ఇద్దరికీ ఉండదు. ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. నేను జవాబు పత్రాల దగ్గర ఉంటాను.

మర్నాడు తెల్లవారుజామున సూర్యోదయం చూశాము. జాలరుల పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డారు. ఈ అందమైన సముద్రమే 2004 డిసెంబరు 26న సునామీగా వచ్చి ఈ ఊరి జాలరి కుటుంబాల నుంచి ఎందరినో పొట్టన పెట్టుకుంది. ఒడ్డునే మాసిలామణినాథుని గుడి ఉన్నది. 1306లో మారవర్మ కులశేఖర పాండ్యుని కాలంలో కట్టినది. ఏడు వందల ఏళ్ళుగా కెరటాలు దానిని కొంచెం కొంచెంగా కొరుక్కు తింటూ వచ్చాయి. ముందుభాగం సముద్రంలో కలిసిపోయింది. మిగిలిన గుడికి అడ్డంగా ఇప్పుడు పెద్ద పెద్ద రాళ్ళు పోశారు. మా ఆవిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి వెనక వసారాలో ఫలహారం సిద్ధమవుతున్నది. ఇప్పుడు నేను చెప్పబోయేది చాలా చిన్న విషయం. చదువరులు నవ్వినా సరే, చెప్పక తప్పదు.

బల్ల ముందు రెండు కుర్చీలు. నేను కూర్చున్నాను. మా ఆవిడ కూర్చోలేదు. తిన్నగా వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "ఏమైనా అందించమంటారా?" అన్నది. లోపల అరవై ఏళ్ళ పెద్దావిడ ఇడ్లీ పళ్ళెం దింపుతున్నది. ఆమె మమ్మల్ని చూసి తెలుగులో మాటాడింది! అరవపు యాసతో, మన చెవికి వింతగా సాగదీస్తూ, కాని తెలుగే. తరతరాలుగా ఇంట్లో మాటాడేది ఇదేనట. చదువు మాత్రం అరవం. తెలుగక్షరం ఒక్కటి రాదు. తమిళదేశంలో ఇటువంటి కుటుంబాలు లక్షలు ఉన్నాయని చదివాను గాని, ఒకరు నా ఇడ్లీలు వండగా చూడటం అదే మొదటిసారి.

"పోయి కూర్చోమ్మా. నువ్వు లేచి అందిస్తే నాకెందుకు జీతం?" అన్నది ఆవిడ.

మా ఆవిడ వచ్చి కూర్చుంది. కుర్చీ అంచున కూర్చుంది. చట్నీ వచ్చినప్పుడు లేవబోయింది. నీళ్ళు అయిపోయినప్పుడు లేవబోయింది. రెండుసార్లూ లోపలి నుంచి, "కూర్చో, కూర్చో" అని కేక వినవచ్చింది. మూడోసారికి వెనక్కి ఆనుకుని సరిగ్గా కూర్చుంది. ఇడ్లీ తుంచింది. పొగలు వచ్చాయి. వేళ్ళు ఊదుకుంటూ, చిన్నపిల్లలాగా నవ్వింది.

"వేడిగా ఉన్నాయండీ" అన్నది.

ఇడ్లీలు వేడిగా ఉంటాయన్నది నాకు వార్త కాదు. ఇరవై రెండేళ్ళుగా నేను వేడివేడిగానే తింటున్నాను. ఆమె మాత్రం నాకు పెట్టి, పిల్లలకు పెట్టి, డబ్బాలు సర్ది, మేమంతా గడప దాటాక, చల్లారినవి తింటున్నది. ఈ లెక్క నేను ఎన్నడూ వేసుకోలేదు. ఛందస్సులో గణాలు లెక్కపెట్టగలవాడికి ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటున్నారో లెక్క తెలియలేదు. నా గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టయింది. కాఫీ తాగి సర్దుకున్నాను.

ఆ పగలంతా ఊరు చూశాము. ఊరు చిన్నది. గంటలో చుట్టి రావచ్చు, చూడదలిస్తే రోజు చాలదు. 1701లో కట్టిన జియోను చర్చి, దానికి కొద్దిదూరంలో 1718 నాటి నూతన యెరూషలేము చర్చి. రెండవదానిలో జీగెన్‌బాల్గు సమాధి ఉన్నది. 1706లో జర్మనీ నుంచి వచ్చిన ఈ యువకుడు ఇసుకలో అక్షరాలు దిద్దే పిల్లల పక్కన కూర్చుని తమిళం నేర్చుకున్నాడని చెప్తారు. అచ్చుయంత్రం తెప్పించాడు. 1715లో బైబిలు కొత్త నిబంధన తమిళంలో ఇక్కడే అచ్చయింది.

మనకు కూడా ఈ ఊరితో ఒక ఋణానుబంధం ఉన్నది. జీగెన్‌బాల్గు కన్నుమూసిన 1719లోనే బెంజమిను షుల్జ్ అనే మరొక జర్మను ఇక్కడ ఓడ దిగాడు. కొన్నేళ్ళకు మద్రాసు వెళ్ళి, అక్కడ తెలుగు వారి మధ్య ఉండి తెలుగు నేర్చాడు. తెలుగుకు వ్యాకరణం రాశాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళాక హాలె పట్టణంలో 1746-47లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చుపుస్తకాల చరిత్ర మొదలయ్యేది అక్కడే. ఏటా తరగతిలో ఈ పాఠం చెప్తాను. ఆయన దిగిన ఒడ్డు మీద ఆవేళ నేను వేరుశెనగలు తింటూ నిలబడ్డాను.

ఇంత వైభవం ఎలా పోయిందంటే, యుద్ధం వల్ల కాదు, లెక్కలు కుదరక. వర్తకం గిట్టుబాటు కాక డెన్మార్కు ప్రభువులు 1845లో ఈ ఊరినీ, బెంగాలులోని శ్రీరామపురాన్నీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్లేయులకు అమ్మేశారు. తరువాత రైలు నాగపట్నానికి వెళ్ళింది. దాని వెంట ఓడలూ వెళ్ళాయి. తరంగంబాడి మేడలకు తాళాలు పడ్డాయి. పైకప్పులు కూలాయి, గోడల్లో రావిచెట్లు మొలిచాయి. ఇటీవలి దశాబ్దాలలోనే కొన్నింటికి మళ్ళీ ప్రాణం వచ్చింది. గవర్నరు నివసించిన భవనాన్ని డెన్మార్కు జాతీయ ప్రదర్శనశాల వారి చేయూతతో బాగుచేశారు. కొన్ని ఇళ్ళు ఇలా అతిథుల బసలయ్యాయి. మరమ్మతుకు నోచుకోనివి ఇంకా పక్కనే ఉన్నాయి. కప్పులేని ఒక మేడలోకి తొంగి చూశాను. నడిమింట్లో తుమ్మచెట్టు. ద్వారబంధం ఉండవలసిన చోట ఖాళీ. ఎవరో ఊడదీసుకుపోయారు.

రాత్రి భోజనం ఊళ్ళో ఒక చిన్న పూటకూళ్ళలో కానిచ్చి వచ్చేసరికి కరెంటు పోయింది. కావలి పెద్దాయన లాంతరు పెట్టి వెళ్ళాడు. వసారాలో పడక కుర్చీలు వేసుకుని కూర్చున్నాము. ఎదురుగా చీకటి, చీకట్లో కెరటాల హోరు. తరంగంబాడి అంటే అలలు పాడే ఊరని చెప్పుకుంటారు. ఆ రాత్రి వ్యుత్పత్తి వెతకవలసిన అవసరం కలగలేదు.

చీకటిలో నాకు ధైర్యం వచ్చింది.

"ఈ ఇల్లు చూశాక అనిపిస్తోంది. మన ఇంటిని అమ్మకూడదు. సున్నం వేయించి, పెంకులు నేయించి, మనమూ ఇలాగే పడకా, ఫలహారమూ పెడితే ఎలా ఉంటుంది?"

"ఫలహారం ఎవరు చేస్తారు?" అన్నది.

నిన్న ఆటోలో వేసిన ప్రశ్నే. ఈసారి బోధపడింది. నేను మాటాడలేదు. కొంతసేపు సముద్రమే మాటాడింది. తరువాత ఆమె మెల్లగా అన్నది:

"ఈ ఇల్లు బాగుందండీ. నాకు చాలా బాగుంది. ఎందుకో తెలుసా? పొద్దున్నే లేచి దీన్ని నేను ఊడవక్కర్లేదు. మీరు మన ఇంటి గురించి చెప్తుంటే నాకు కొత్త ఇల్లేదో విన్నట్టుంటుంది. మండువా, మండువాలో వాన, వాన చుట్టూ అంతా చేరి పకోడీలు తినడం. ఆ పకోడీలు ఎక్కడి నుంచి వచ్చేవి? వంటింట్లో నుంచి మండువా కనపడదండీ. ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో పెరిగాను. మా వంటిల్లు పెరటివైపు ఉన్నదని తెలుసు. అక్కడి నుంచి ఏది కనపడుతుందో, ఏది కనపడదో నాకు తెలియదు.

"వాన పడటం ఒక్కసారి చూశాను. అత్తయ్యగారు పోయినప్పుడు. కర్మల పది రోజులూ వంటకు మనిషిని పెట్టారుగా. నేనూ అక్కయ్యా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాము. నాలుగు వైపుల చూరు నుంచీ ధారలు పడుతున్నాయి. ఇంత బాగుంటుందా అనుకున్నాను. అప్పుడే అనిపించింది, పాపం, అత్తయ్యగారు ఇది ఎన్నిసార్లు చూసి ఉంటారా అని."

మా అమ్మ ఆ ఇంట్లో యాభై రెండేళ్ళు ఉన్నది. నాకు గుర్తున్నంతలో ఆమె ఎప్పుడూ వంటింటికీ పెరటికీ మధ్యనే ఉన్నది. మండువాలో తీరుబడిగా కూర్చున్న అమ్మ ఎంత వెతికినా నా జ్ఞాపకానికి రాలేదు. వారసత్వం గురించి నేను తిరుక్కడయూరులో అరగంట మాటాడాను. అందులో తాతగారు ఉన్నారు, నాన్నగారు ఉన్నారు, బర్మా టేకు ఉన్నది. అమ్మ లేదు.

"అయితే అమ్మేద్దామంటావా?" అన్నాను.

"అదిగో, అప్పుడే. నేను అమ్మమనలేదు. ఉంచమనీ అనలేదు. నా ఎరికలో ఆ ఇంట్లో ఒక్కనాడు కూడా చుట్టంలా ఉండలేదు. సంతకం పెట్టేలోగా ఒక్కసారి ఉండి చూడాలని ఉంది. రెండు రాత్రులు చాలు. వానలు పడే రోజుల్లో. వంటకు మనిషిని పెట్టండి. నేను వంటింటి గడప తొక్కను. మండువాలో పడక కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అప్పటికీ మీకు ఉంచాలనిపిస్తే, ఊడ్చేది ఎవరో, కప్పు నేయించేది ఎవరో, ఏటా అయ్యే ఖర్చు ఎంతో ముందు కాగితం మీద రాసి, అప్పుడు ఉపన్యాసం ఇవ్వండి."

కరెంటు వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎందుకో తలలు తిప్పుకున్నాము. నిన్న తిరుక్కడయూరులో చూసిన ఎనభయ్యేళ్ళ బామ్మగారు గుర్తుకు వచ్చింది.

మర్నాడు పొద్దున్న మళ్ళీ ఇడ్లీలు, వాటితోపాటు పొంగలి. ఈసారి మా ఆవిడ నా కంటే ముందు వచ్చి కూర్చుంది. పెద్దావిడ ఆమెకే ముందు వడ్డించింది. నేను నా వంతు కోసం ఎదురుచూశాను. పొంగలి కొంచెం ఆలస్యంగా వచ్చింది. అయినా బాగుంది.

సంచీ సర్దుకునేలోగా అన్నయ్యకు ఫోను చేశాను.

"అన్నయ్యా, నెలాఖరు కాదు గాని, వానలు పడేదాకా ఆగు."

"వానలు దేనికిరా?"

"మండువాలో వాన పడుతుంటే చూడాలి."

"నువ్వు చూడని వానట్రా అది? అందులో కాగితం పడవలు వదిలి జ్వరం తెచ్చుకునేవాడివి."

"నేను కాదు. మీ మరదలు చూడలేదు."

అవతల చాలాసేపు నిశ్శబ్దం. లైను తెగిందేమో అనుకున్నాను. తరువాత అన్నయ్య గొంతు తగ్గించి అన్నాడు: "మీ వదిన పక్కనే ఉంది. వింది. తనూ వస్తానంటోంది."

కలప బేరగాడు అంతకాలం ఆగుతాడో లేదో నాకు తెలియదు. ఆగకపోతే మరొకడు వస్తాడు. బర్మా టేకుకు బేరగాళ్ళు కరువు కారు. రెండు రాత్రుల తరువాత మేము నలుగురం సంతకాలు పెడతామో మానుతామో అదీ తెలియదు. ఈసారి మాత్రం ఆ సంగతి తాంబూలాల వేళ మగవాళ్ళం తేల్చబోవడం లేదు.

బయలుదేరేముందు కావలి పెద్దాయన అతిథుల పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. తిప్పి చూస్తే ఇంగ్లీషు, ఫ్రెంచి, డేనిషు, తమిళం అన్నీ ఉన్నాయి. తెలుగు కనబడలేదు. నాకు పౌరుషం వచ్చింది. కలం తీసి రఘునాథ నాయకుడితో మొదలుపెట్టి, చేమకూర వేంకటకవిని తలచుకుని, షుల్జ్ దొరకు నమస్కరించి, గానుగ సున్నం గొప్పతనం వర్ణించి, పూర్తిగా ఒక పుట నింపాను. చివర డిగ్రీతో సహా సంతకం పెట్టాను.

"నువ్వూ ఏదైనా రాయి" అని కలం మా ఆవిడకు ఇచ్చాను. ఆమె కాసేపు ఆలోచించి, నేను నింపిన పుట అడుగున మిగిలిన కాస్త చోటులో ఒకే వాక్యం రాసింది. పెద్దావిడకు తెలుగు చదవడం రాదు కదా, అందుకని వంటింటి గుమ్మం దగ్గరకు తీసుకువెళ్ళి చదివి వినిపించింది.

"ఇడ్లీలు వేడిగా ఉన్నాయి."